పురుగు నోటిని బట్టే మొక్క కవచం

టమాట మొక్కకు పిలకలు గిల్లినా, ఊతకర్రకు కట్టినా వేళ్లకు పచ్చటి మడ్డి అంటుకుంటుంది. సబ్బుతో కడిగితే నురగ పసుపుపచ్చగా దిగుతుంది. కాండం మీదా ఆకుల మీదా ఉన్న సన్నటి నూగు చివర్లలో కంటికి ఆనని జిగురు తిత్తులుంటాయి. చెయ్యి తగలగానే అవి పగిలి కారిన జిగురే ఇది. పేనుబంక కాలు తగిలినా ఇలాగే పగులుతాయి. గాలి సోకిన కాసేపటికి ఆ జిగురు నల్లబడి, గట్టిపడి, పురుగు కాళ్లనూ మూతినీ పట్టేస్తుంది. అడవి టమాట జాతుల్లో ఈ జిగురు చాలా బలంగా ఉంటుంది. పండు సైజు, రంగు, దిగుబడి చూసుకుంటూ మనిషి ఎంపిక చేసుకొచ్చిన రకాల్లో అది పలచబడిపోయింది.

వరంగల్, హన్మకొండ, కాజీపేటలో మిద్దెల మీద టబ్బుల్లో కూరగాయలు పెంచేవాళ్లున్నారు. పర్కాల, నర్సంపేట వైపు ఊళ్లలో పెరటి పాదులు ఎప్పటి నుంచో ఉన్నవే. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న: పురుగు పట్టని మొక్క ఏది? అలాంటి మొక్క లేదు. ప్రతి మొక్కకూ ఒక కవచం ఉంది, ప్రతి కవచంలోనూ ఒక సందు ఉంది. ఆ సందు ఎక్కడో పురుగు నోరు చూస్తే తెలుస్తుంది. ఆకును కొరికి నమిలే లద్దెపురుగు నోరు వేరు. సూది దించి రసం పీల్చే పేనుబంక, తెల్లదోమ, పచ్చదోమ, పిండినల్లి నోరు వేరు. ఆకు పైపొరను గీకి, ఊరిన రసాన్ని చప్పరించే తామర పురుగు నోరు వేరు. కొమ్మలోకో కాయలోకో దూరి లోపలే బతికే తొలుచు పురుగు సంగతి ఇంకా వేరు. ఒకదాన్ని ఆపే ఏర్పాటే ఇంకొకదానికి దారి ఇస్తుంది. ఏ మందు కొట్టాలో అడిగేముందు, అసలు కొట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఈ లెక్క తెలియాలి.

నూగు, మైనం, ఇసుక

ఉత్తర తెలంగాణకు బాగా పరిచయమైన పత్తితోనే మొదలుపెడదాం. ఆకు అడుగున నూగు ఒత్తుగా, పొడవుగా ఉన్న పత్తి రకాల మీద పచ్చదోమ నిలదొక్కుకోలేదు. అది గుడ్లను ఆకు ఈనెల్లోకి గుచ్చి పెడుతుంది. నూగు అడ్డుపడితే ఈనె దాకా అందదు. అదే నూగు తెల్లదోమకు మాత్రం అనుకూలం. శనగపచ్చ పురుగు తల్లి కూడా నున్నటి ఆకు మీద కన్నా నూగాకు మీదే ఎక్కువ గుడ్లు పెడుతుంది. అంటే నూగు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు మీ చేనులో ఏ పురుగు ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. బెండలోనూ ఇంతే. పోయినసారి ఆకుల అంచులు పైకి ముడుచుకుని, పసుపై, ఎర్రగా మాడాయంటే అది పచ్చదోమ పని. నూగు ఎక్కువున్న రకం పెట్టుకోవచ్చు. ఈనెలు పసుపు వలలా తేలి పల్లాకు తెగులు వచ్చిందంటే దాన్ని మోసుకొచ్చింది తెల్లదోమ. అక్కడ నూగు చూసి లాభం లేదు, పల్లాకును తట్టుకునే రకం విత్తనమే వెతుక్కోవాలి.

ఫ్రెంచి చిక్కుడు ఆకుల మీద నూగు కొసలు కొక్కెంలా వంగి ఉంటాయి. పచ్చదోమ లాంటి చిన్న పురుగుల కాళ్లు వాటికి గుచ్చుకుని, అవి అక్కడే వేలాడి చచ్చిపోతాయి. బల్గేరియా, సెర్బియా వైపు పూర్వం రాత్రిపూట పడకల చుట్టూ ఈ ఆకులు పరిచి, చిక్కుకున్న నల్లులను పొద్దున్నే ఊడ్చి కాల్చేసేవారు.

క్యాబేజీ ఆకు మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి కదా, అదంతా మైనం పొర. దాని మీద చిన్న పురుగుల కాళ్లు నిలవవు. మీరు చల్లే కషాయమూ నిలవదు. అందుకే లీటరు నీళ్లకు ఒకటి రెండు గ్రాముల సబ్బు కలపమంటారు. ఇంకొంచెం ఎక్కువేస్తే బాగా పట్టుకుంటుందని గుప్పెడు కలిపితే మైనం కరిగి ఆకు మాడుతుంది.

గడ్డిజాతి మొక్కలు మట్టిలోని సిలికాను పీల్చుకుని ఆకుల్లో పేర్చుకుంటాయి. వరి ఆకు అంచు వేలు కోసేది అందుకే. కొరికే పురుగు దవడలు దాంతో అరిగిపోతాయి. ధాన్యం పొట్టులోనూ అది దండిగా ఉంటుంది కాబట్టి ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. సొర, గుమ్మడి, దోస మొలకలు రెండాకుల మీదున్నప్పుడు ఎర్రటి గుమ్మడి పెంకుపురుగులు వచ్చి ఆకులు జల్లెడ చేస్తాయి. అప్పుడు పొద్దున్నే మంచు తడి ఆరకముందు పలుచటి గుడ్డలోంచి బూడిద జల్లడం మన పెద్దవాళ్ల పద్ధతి. ఆకు ఆకుపచ్చగా కనబడేంత పలుచగా జల్లాలి. మందంగా కప్పేస్తే ఆకుకు ఎండ అందదు. వాన పడితే మళ్లీ జల్లాలి. మూడు నాలుగు ఆకులు ముదిరాక ఇక అవసరం ఉండదు.

పోపులో లేని ఘాటు ఆవకాయలో ఎందుకుంది

నూనెలో చిటపటలాడించిన ఆవాలు ముక్కుకు ఎక్కవు. అవే ఆవాలు పచ్చిగా పొడి చేసి ఆవకాయలో కలిపితే ఘాటు నషాళానికి అంటుతుంది. మొక్క రసాయనిక రక్షణలో ఒక ముఖ్యమైన కిటుకు ఈ తేడాలో ఉంది. ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబంలో గ్లూకోసినోలేట్లనే పదార్థాలు ఒక గదిలో, వాటిని విరగ్గొట్టే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. విడివిడిగా ఉన్నంతసేపూ ఏ హానీ లేదు. పురుగు పంటి కింద రెండు గదులూ పగిలి, రెండూ కలిస్తేనే ఘాటైన విషం పుడుతుంది. వేడి నూనెలో ఎంజైము చచ్చిపోతుంది, అందుకే పోపులో ఘాటు ఉండదు. ఎల్లిగడ్డదీ ఇదే పద్ధతి: పొట్టు తీయని పాయకు వాసన ఉండదు, దంచితేనే వస్తుంది. తన విషం తనకే తగలకుండా మొక్క చేసుకున్న జాగ్రత్త ఇది.

అయితే తాడిదన్నేవాడి తలదన్నేవాడు ఉండనే ఉంటాడు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులకు చిన్నచిన్న కిటికీలు పెట్టే డైమండ్ రెక్కల పురుగు కడుపులో ఇంకో ఎంజైము ఉంది. గ్లూకోసినోలేట్ విషంగా మారకముందే అది దాని తీరు మార్చేస్తుంది. పైగా తల్లి పురుగు గుడ్లు పెట్టే చోటును ఆ ఘాటు వాసన ఆధారంగానే వెతుక్కుంటుంది. తరిమేయాల్సిన వాసన దానికి చిరునామా అయింది. ఆవాలను ఎరపంటగా వాడే పద్ధతి ఈ బలహీనత మీదే నిలబడింది. 25 సాళ్ల క్యాబేజీకి రెండు సాళ్ల ఆవాలు వేస్తారు. ఒక సాలు క్యాబేజీ నారు నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. పురుగు ఆవాల మీదకు పోతుంది, మందు కొట్టినా ఆ సాళ్లకే కొడితే చాలు. మిద్దెతోటలో నాలుగు క్యాబేజీ టబ్బులకు ఒక టబ్బు ఆవాలు అదే క్రమంలో వేసుకోవచ్చు. ఆవాల మొక్కను చూడకుండా వదిలేస్తే మాత్రం అది పురుగుల నర్సరీ అవుతుంది.

చామగడ్డ ఆకులో, దుంపలో కాల్షియం ఆక్సలేట్ సూదులు కట్టలుకట్టలుగా ఉంటాయి. నాలుక దురద, గొంతు గరగర వాటివల్లే. చింతపండు పులుసులో ఉడికిస్తే ఆ దురద అణుగుతుంది. చాలా పురుగులు దాని జోలికి రావు. పొగాకు లద్దెపురుగు మాత్రం చామాకును గుంపుగా తినేస్తుంది.

జిల్లేడుకు, బొప్పాయికి, గన్నేరుకు పాలే కవచం. బొప్పాయి పాలలోని పపైన్ లద్దెపురుగు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది. జిల్లేడు పాలు గుండెను కుదేలు చేసే విషాలు. అయినా జిల్లేడు మీద నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు హాయిగా మేస్తుంటుంది, అది సాదా పులి సీతాకోకచిలుక పిల్ల. అది చేసే పని దగ్గరగా చూడండి: ముందు ఆకు ఈనెను కొరికి, పాలు కారిపోనిచ్చి, ఆ తర్వాత అవతలి భాగాన్ని తింటుంది. సొర, గుమ్మడి ఆకుల మీద పెంకుపురుగు గుండ్రంగా గీత కోసి ఆ చక్రం లోపల తినడమూ ఇదే తెలివి. మిగతా ఆకులోంచి చేదు ఆ చక్రంలోకి రాకుండా ముందే కాలువ తెగ్గొడుతుంది. ఆకు మీద వృత్తాకారంలో కోత కనబడిందంటే తిన్నది ఎవరో వెతకక్కర్లేదు.

ఆ చేదు పేరు కుకుర్బిటాసిన్. మనం తినే సొర, దోస, కీరాల్లో తరతరాల ఎంపికతో అది కాయలోంచి తగ్గింది, మొలకాకుల్లో ఇంకా ఉంది. ఎండ మండి, నీళ్లు తప్పినప్పుడు కాయలోనూ పెరుగుతుంది. చేదుగా ఉన్న సొరకాయను కూర వండొద్దు, రసం అసలే తాగొద్దు. వాంతులు, రక్తవిరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. కోయగానే చిన్న ముక్క నాలుకకు తగిలించి చూసుకునే అలవాటు మానకండి.

పీల్చే పురుగులకు ఈ పాలు, సూదులు, ఘాటు గదులు పెద్దగా అడ్డుపడవు. వాటి మూతి వెంట్రుక కన్నా సన్నం. పాలనాళాలను, విషపు గదులను తప్పించుకుంటూ కణాల సందుల్లోంచి నేరుగా ఆహారరసం పారే నాళంలోకి దిగుతుంది. బొప్పాయి అంత పాలున్న చెట్టును 2008లో మన దేశంలోకి వచ్చిన పిండినల్లి నిలువునా ఎండబెట్టింది. చివరికి దాన్ని అణచింది 2010లో విదేశం నుంచి తెప్పించి వదిలిన ఎసిరోఫేగస్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగ. పీల్చే పురుగు కనబడినప్పుడు మొక్క రసాయనాల మీద కన్నా పురుగును తినే పురుగు మీదే నమ్మకం పెట్టుకోవడం మంచిది.

మిరప కారం ఆకుకు కాదు

మిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్ యార్డు వరంగల్‌లోనే ఉంది కాబట్టి ఈ మాట విడిగా చెప్పుకోవాలి. అంత కారం ఉన్న మిరపకు పురుగెలా పడుతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో తయారవుతుంది. ఆకులో కారం లేదు, చిగురులో లేదు, పువ్వులో లేదు. ఆ కవచం గింజ కోసం ఏర్పడింది. బొలీవియాలో అడవి మిరపల మీద చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో ఒక ముఖ్యమైన సంగతి తేలింది. రసం పీల్చే నల్లులు కాయకు పొడిచిన రంధ్రాల గుండా ఫ్యుజేరియం బూజు లోపలికి పోయి గింజలను చంపుతుంది. ఆ నల్లులు ఎక్కువున్న చోట్ల కారం కాయలు కాసే మొక్కలూ ఎక్కువున్నాయి. కారం ఆ బూజును అణిచేస్తుంది. ఎలుకలాంటి జంతువులనూ దూరం పెడుతుంది. పిట్టలకు కారం తెలియదు, అవి గింజను నలగ్గొట్టకుండా దూరం మోసుకుపోయి రెట్టవేస్తాయి. మొక్కకు కావలసిందీ అదే.

2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి, అదే టమాట మిర్చి, ముదురు ఎరుపుకు పేరు. కారం తక్కువ. కారం తక్కువ కనుక దానికి తామర పురుగు ఎక్కువ పడుతుందనుకోవడం పొరపాటు. తామర పురుగు గీకేది ఆకునూ పువ్వునూ. అక్కడ ఏ మిరపకూ కారం లేదు. 2021లో తెలంగాణ, ఆంధ్ర మిరప తోటల పూతను రాల్చేసిన నల్ల తామర పురుగు మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద బయటపడింది. అది పువ్వుల్లో దూరి ఉంటుంది, చల్లిన మందు అక్కడికి అందడం కష్టం.

పెరట్లో మిరప ఆకు ముడిచిందంటే ముందు ఏ వైపు ముడిచిందో చూడాలి. అంచులు పైకి లేచి పడవలా అయితే పై ముడత, తామర పురుగు. అంచులు కిందికి వంగి, తిరగేసిన పడవలా, కాడ పొడవుగా సాగితే కింది ముడత, తెల్లనల్లి. మొదటిదానికి నీలిరంగు జిగురు అట్టలు మొక్క కొస ఎత్తులో కట్టాలి. తెల్లదోమకూ పేనుబంకకూ పసుపు అట్ట. తెల్లనల్లికి రెక్కలు లేవు, దానికి ఏ అట్టా పనిచేయదు, నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు ఆకు అడుగున తడిసేలా చల్లాలి. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం చల్లితే ఆకు మాడుతుంది. సొర, దోస, బీర పాదుల మీద మామూలు రోజుల్లోనూ చల్లొద్దు.

కొరికాక మోగే గంట

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మొక్క పుట్టుకతో కట్టుకున్న కోటగోడలు. పురుగు నోరు పెట్టాక మాత్రమే కదిలే సైన్యం ఇంకొకటుంది.

ఆకు తెగినచోట కణాల్లోంచి గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం బయటికి ఒలుకుతుంది. వెంటనే కాల్షియం ఒక అలలా నాళాల వెంట మిగతా ఆకులకు పాకుతుంది. 2018లో ఆవాల కుటుంబానికే చెందిన ఒక చిన్న మొక్కలో శాస్త్రవేత్తలు దీన్ని వెలుగు రూపంలో వీడియో తీశారు. సెకనుకు సుమారు మిల్లీమీటరు వేగం. ఒకటి రెండు నిమిషాల్లో కొరకని ఆకుకు కూడా కబురు అందింది. నరాలు లేని జీవిలో ఇంత త్వరగా కబురు పోవడం నిజంగా అబ్బురం. కబురు అందిన ఆకులో జాస్మోనిక్ ఆమ్లం తయారవుతుంది. జాజిపూల నూనెలో దొరికే సుగంధానికి ఇది దగ్గరి చుట్టం, పేరూ అక్కడిదే. దాని ఆజ్ఞతో గంటల్లోనే ఆకుల నిండా కొత్త ప్రోటీన్లు చేరతాయి. పురుగు కడుపులో ప్రోటీన్లను అరిగించే ఎంజైములకు ఇవి తాళం వేస్తాయి. 1972లో అమెరికాలో క్లారెన్స్ ర్యాన్ బృందం టమాట, బంగాళదుంప మొక్కల్లో దీన్ని చూపింది. పురుగు తింటూనే ఉంటుంది, ఒంటబట్టదు. ఎదుగుదల మందగించి ఎక్కువ రోజులు బయట తిరుగుతుంది. అలా తిరిగినన్ని రోజులూ పిట్టకో, కందిరీగకో దొరికే అవకాశం పెరుగుతుంది.

అందువల్ల మొదటి రంధ్రం కనబడగానే మందు డబ్బా తీయొద్దు. ఆదిలాబాద్ వైపు వేసే సోయాచిక్కుడులో పూతకు ముందు పావు వంతు ఆకు పోయినా దిగుబడి మీద పెద్దగా దెబ్బ పడదు. టమాట, వంగల్లో కూడా అడుగాకులకు నాలుగు రంధ్రాలు పడితే భయం లేదు. చిగురు, మొగ్గ, కాయ దెబ్బతింటుంటేనే రంగంలోకి దిగాలి.

ఈ గంటను మోసగించేవీ ఉన్నాయి. మొక్కకు రెండు రకాల హెచ్చరికలున్నాయి: నమిలే పురుగుకు జాస్మోనిక్ ఆమ్లం, ఎక్కువగా తెగుళ్లకు సాలిసిలిక్ ఆమ్లం. ఒకటి పెరిగితే రెండోది అణుగుతుంది. తెల్లదోమ పీల్చే తీరుకు మొక్క తెగులు వచ్చిందని పొరబడి సాలిసిలిక్ వైపు మొగ్గుతుంది. తెల్లదోమను నిజంగా ఇబ్బంది పెట్టే జాస్మోనిక్ రక్షణ పడుకుంటుంది. 2019లో టమాట మీద ప్రచురించిన పరిశోధనలో ఇంకా విచిత్రం బయటపడింది: తెల్లదోమ పట్టిన మొక్క వదిలే వాసనలు పక్క మొక్కలను కూడా ఇదే తప్పుదారి పట్టిస్తాయి. తెల్లదోమ పట్టిన ఒక టబ్బును వరుసలోంచి తీసి దూరంగా పెట్టడానికి ఇదొక గట్టి కారణం. అన్ని మొక్కలకూ అంటుకున్నాక విడదీసి లాభం లేదు.

కాపలాకు పిలుపు

కోసిన గడ్డి వాసన మనకు హాయిగా ఉంటుంది. అది గాయపడ్డ ఆకు వదిలే వాసన. లద్దెపురుగు మేసిన మొక్కజొన్న వాసన మామూలుగా చిరిగిన ఆకు వాసనలాంటిది కాదు. పురుగు ఉమ్ములోని పదార్థాన్ని మొక్క గుర్తుపట్టి వేరే వాసనలు కలుపుతుంది. ఆ వాసన పట్టుకుని పరాన్నజీవి కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. దీన్ని 1990లో ప్రయోగంతో చూపించారు.

వచ్చిన కాపలావాళ్లను మనం గుర్తుపట్టకపోతే చేజేతులా చంపుకుంటాం. లద్దెపురుగు వీపు మీదో పక్కనో బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు కనబడితే అవి కందిరీగవి. ఆ పురుగును నలపొద్దు. పేనుబంకల్లో కొన్ని ఉబ్బి, గోధుమరంగుకు మారి, కదలకుండా ఉంటే వాటిలో కందిరీగ పిల్లలున్నట్టు. మొసలి పిల్లలా పొడవుగా, నల్లగా, నారింజ మచ్చలతో పాకేది అక్షింతల పురుగు పిల్ల, రోజంతా పేనుబంకనే తింటుంది. ఆకు మీద వెంట్రుక చివర నిలబెట్టిన గుడ్లు అల్లిక రెక్కల పురుగువి. వంగ, కాకర ఆకులను పీచు మిగిలేలా గీకే మచ్చల పెంకుపురుగు మాత్రం అక్షింతల పురుగులాగే ఉంటుంది కానీ శత్రువే. రెక్కల మీద సన్నటి నూగుతో మెరుపు లేకుండా ఉంటుంది, పిల్లలు పసుపుపచ్చగా ముళ్లముళ్లుగా ఉంటాయి.

కొన్ని మొక్కలు కాపలాకు జీతం కూడా ఇస్తాయి. ఆముదం ఆకుకాడ మీద, పత్తి ఆకు అడుగు ఈనె మీద, బొబ్బెర, బీర తీగల మీద చిన్న తేనె గ్రంథులుంటాయి. పువ్వుతో సంబంధం లేదు. చీమలు ఆ తేనె కోసం తిరుగుతూ గుడ్లనూ చిన్న పురుగులనూ ఎత్తుకుపోతాయి. అవే చీమలు పేనుబంక, పిండినల్లి విసర్జించే తీపి రసం రుచి మరిగితే కంచే చేను మేసినట్టవుతుంది. అక్షింతల పురుగులను తరిమి, పేనుబంకకు కాపలా కాస్తాయి. చీమల బారు ఎక్కడ ఆగుతుందో చూడండి. గ్రంథి దగ్గర ఆగితే వదిలేయండి. చిగురు అడుగున ఆగి, కింది ఆకులు బంకగా మెరుస్తుంటే ముందు పేనుబంకను గట్టి నీటిధారతో కడిగి, కాండానికి వేలెడు వెడల్పున గుడ్డ చుట్టి దాని మీద గ్రీజు రాయండి. గ్రీజు నేరుగా బెరడుకు తగలకూడదు.

పెద్ద కందిరీగలు కాదు, ఈ కాపలా కందిరీగలు దోమంత కూడా ఉండవు. చిన్న పువ్వుల తేనే వాటికి అందుతుంది. కొత్తిమీర మొత్తం కోసేయకుండా నాలుగు మొక్కలు పూతకు వదిలితే చాలు.

బంతి, కరివేపాకు, తులసి

బతుకమ్మ కోసం ఊరూరా బంతి వేస్తారు. బంతి వాసనకు పురుగులు పారిపోతాయన్న నమ్మకం గట్టిగా ఉంది. శనగపచ్చ పురుగు విషయంలో జరిగేది దీనికి తలకిందులు. అది టమాట కన్నా బంతి మొగ్గ మీదే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. 16 సాళ్ల టమాటకు ఒక సాలు పొడవు బంతి వేయమనేది అందుకే. టమాట పూతకు వచ్చేసరికి బంతి కూడా పూయాలి కాబట్టి 40 రోజుల బంతి నారు, 25 రోజుల టమాట నారు ఒకేసారి నాటాలి. పురుగు దూరిన మొగ్గలను రెండు మూడు రోజులకోసారి తుంచి సబ్బునీళ్లలో వేయాలి. తుంచకపోతే ఎర మీద పెరిగినవే టమాటకు వస్తాయి. బంతి వేళ్లలోని పదార్థం వేరుబుడిపె నులిపురుగులను తగ్గించడం నిజమే, కాకపోతే ఆ మడి నిండా రెండు మూడు నెలలు పెంచితేనే. మూలన ఒక్క మొక్క పెడితే ఏమీ కాదు.

కరివేపాకు, నిమ్మ ఘాటు సీతాకోకచిలుకకు చిరునామా. పిట్టరెట్టలా కనబడి, పెద్దయ్యాక పచ్చగా మారే పురుగులు దాని పిల్లలే. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాపి కంపు కొడతాయి. చేత్తో ఏరి పెద్ద చెట్టు మీదకు వదిలితే సరిపోతుంది. తులసిలోని మిథైల్ యూజినాల్ మామిడి పండు ఈగ మగవాటిని లాగుతుంది. ఎరబుట్టల్లో వాడేదీ అదే. సొర, కాకర, దోసలను పాడుచేసే ఈగ దానికి రాదు, వాటికి క్యూలూర్ ఎర కొనాలి. ఈ రెంటినీ తారుమారు చేసి, బుట్ట పనిచేయలేదని విసిగిపోయేవాళ్లు ఎక్కువ.

మన చేతులతో విప్పేస్తున్న కవచం

రక్షణకు ఖర్చుంది. జాస్మోనిక్ ఆమ్లం పెరిగినంతసేపు ఎదుగుదల తగ్గుతుంది. యూరియా దండిగా వేస్తే మొక్క మొత్తం బలం ఎదుగుదలకే పెడుతుంది. వారం పది రోజుల్లో ఆకు నల్లటి పచ్చగా, వెడల్పుగా, మెత్తగా అవుతుంది. రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. పేనుబంకకు, తెల్లదోమకు అంతకన్నా విందు లేదు. 20 లీటర్ల టబ్బుకు యూరియా జోలికే పోవద్దు. 15 రోజులకోసారి రెండు గుప్పెళ్ల వర్మికంపోస్టు చాలు. ఒకే టబ్బులో మూడు టమాట మొక్కలు కుక్కడం కూడా ఇలాంటిదే. పక్క మొక్క నీడ పడితే వెలుతురు కోసం పైకి సాగడానికే మొక్క బలమంతా పోతుంది, రక్షణ మందగిస్తుంది. టబ్బుకు ఒకటి, నేలలో రెండు మొక్కల మధ్య ఒకటిన్నర నుంచి రెండడుగులు ఇవ్వండి.

ఏప్రిల్, మేలో బెండ మీద ఎర్రనల్లి గూళ్లు కడుతుందంటే వేడి, పొడిగాలి, నీటి కొరత కలిసొచ్చాయని అర్థం. పొద్దున్నే ఆకు అడుగుకు నీళ్లు గట్టిగా కొట్టడం, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచడం ఏ మందుకూ తీసిపోవు. పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు పదేపదే కొడితే నల్లి, తెల్లదోమ తిరగబడి ఎక్కువవుతాయి. వాటిని తినేవి ముందు చస్తాయి కాబట్టి.

వంగలో కొమ్మ, కాయ తొలుచు పురుగును మొక్క ఆపలేదు. గుడ్డు పగిలిన కొద్ది గంటల్లో పిల్ల చిగురులోకి దూరి, రంధ్రాన్ని రెట్టతో మూసేసుకుంటుంది. నూగు దాన్ని ఆపలేదు, కందిరీగకూ మందుకూ అది అందడం కష్టం. వాడిన కొసను వాడిన చోటుకు అంగుళం కిందికి తుంచి కాల్చడం, వారానికి రెండుసార్లు, అంతే. పోయిన పంట ఎండు వంగకట్టె పెరట్లో పేర్చి ఉంటే పురుగు అందులోంచే వస్తుంది.

వేప

వేపగింజలోని అజాడిరక్టిన్ రెండు పనులు చేస్తుంది: పురుగుకు తినబుద్ధి కాకుండా చేయడం, కుబుసం విడవనివ్వకపోవడం. అంత విషం మోసే చెట్టునూ 2021లో తెలంగాణ అంతటా కొమ్మల కొసలు ఎండుతూ చూశాం. టీ దోమ అనే రసం పీల్చే పురుగు చేసిన గాయాలు, ఫోమాప్సిస్ శిలీంద్రం కలిసి చేసిన పని అది. అజాడిరక్టిన్ ముఖ్యంగా గింజలో పోగవుతుంది, లేత కొమ్మలో అంత బలం లేదు. మిరప కథే ఇక్కడా.

కషాయం కూడా అందుకే గింజతో చేయాలి. వేపాకు నూరి చల్లితే ఫలితం చాలా తక్కువ. వేసవి చివర నుంచి తొలకరి దాకా రాలే పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గాలాడే గోనెసంచిలో దాచుకోవాలి. ఎండలో ఎండబెట్టినా, ప్లాస్టిక్ సంచిలో కట్టి బూజు పట్టించినా సత్తువ పోతుంది. ఏడాది దాటిన గింజ వద్దు. పది లీటర్లకు 500 గ్రాముల వేపగింజల లోపలి పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ మూటను అదే నీళ్లలో పాలు తెల్లగా రావడం ఆగేదాకా పిండండి. వడగట్టి, 10 నుంచి 20 గ్రాముల సబ్బు కరిగించి, మొత్తం పది లీటర్లు చేయండి. మరిగించొద్దు. సాయంత్రం ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా చల్లి, మిగిలింది దాచకుండా ఆ రోజే వాడేయండి. ఎండలో అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది. గింజలు దొరక్కపోతే 1500 పీపీఎం అజాడిరక్టిన్ ఉన్న వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, ముందు సబ్బునీళ్లలో చిలికి కలపాలి.

మర్నాడు చూస్తే పురుగులు బతికే ఉంటాయి. పనిచేయలేదని ఇంకో మందు కొట్టొద్దు. ఒక ఆకు కింద తెల్లకాగితం పరిచి రాలే రెట్టలు చూడండి. నాలుగైదు రోజుల్లో అవి తగ్గిపోతే పురుగు తినడం మానేసినట్టే.